టర్బో పైపుల్లో ఆయిల్, క్యాచ్ క్యాన్: లక్షణాన్ని బట్టి కారణం పట్టుకోవడం ఎలా?

సర్వీసులో ఇంటర్‌కూలర్ (టర్బో ఒత్తి పంపే గాలిని చల్లబరిచే భాగం) పైపు ఊడదీసి, లోపల వేలు తిప్పి, ఆయిల్ అంటిన ఆ వేలు మన ముందు పెట్టి "టర్బో పోయింది సార్" అంటే ఎవరికైనా టెన్షనే. ఇంటికొస్తే వీడియోలు చూసిన తమ్ముడు "క్యాచ్ క్యాన్ పెట్టించన్నా, సెట్ అయిపోద్ది" అంటాడు. క్యాచ్ క్యాన్ అంటే ఇంజన్ నుంచి వచ్చే గ్యాసులోని ఆయిల్ తుంపరను మధ్యలో పట్టి ఉంచే చిన్న డబ్బా. రెండూ తొందరపడి అన్న మాటలే. ఆయిల్ ఏ దారిన వస్తోందో తేలకముందు టర్బో మార్చినా దండగే, క్యాన్ కొన్నా దండగే.

ముందు ఆ దారి సంగతి చూద్దాం. పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా, మండిన గ్యాసు కొంత వాటి పక్కనుంచి జారి క్రాంక్‌కేసులోకి (క్రాంక్ తిరిగే ఇంజన్ కింది భాగంలోకి) దిగుతుంది. షెడ్లలో దీన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. ఆ గ్యాసు అక్కడే ఆగితే ఒత్తిడి పెరిగి సీళ్లు తన్నేస్తాయి కాబట్టి బయటికి పోవాలి. 1960లకు ముందు కార్లలో ఒక గొట్టం పెట్టి నేరుగా రోడ్డు మీదికి వదిలేసేవారు. ఇప్పుడు దాన్ని మళ్లీ ఇంజన్‌తోనే పీల్పిస్తారు. వేడి ఆయిల్ తుంపరలు కూడా ఆ గ్యాసుతో పాటే వెళ్తాయి.

టర్బో పెట్రోల్ బండిలో దీనికి రెండు దారులు. ఐడిల్‌లోనూ, మెల్లగా నడిపేటప్పుడూ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో) వాక్యూమ్ ఉంటుంది కాబట్టి గ్యాసు పీసీవీ వాల్వు (ఈ గ్యాసును ఒకవైపే వదిలే వాల్వు) గుండా అటు పోతుంది. టర్బో ఊదడం మొదలెట్టగానే మానిఫోల్డ్‌లో ఒత్తిడి వస్తుంది, వాల్వు మూసుకుంటుంది. అప్పుడు గ్యాసు ఇంజన్ పైన ఉండే మూత, అంటే ట్యాపెట్ కవర్ దగ్గర్నుంచి బ్రీదర్ పైపులో బయల్దేరి ఎయిర్ ఫిల్టర్‌కూ టర్బోకూ మధ్య కలుస్తుంది. డీజిల్‌లో సాధారణంగా ఈ రెండో దారి ఒక్కటే ఉంటుంది. మొన్నటిదాకా స్విఫ్ట్, డిజైర్, విస్టా, ఇంకా ఎన్నో బండ్లలో తిరిగిన 1.3 లీటర్ ఫియట్ డీజిల్ కూడా ఇలాంటిదే. అందుకే టర్బో ఏ తప్పూ చేయకపోయినా దాని ముక్కులోకి ఆయిల్ పోతుంది, అవతల ఇంటర్‌కూలర్‌లో తేలుతుంది.

లక్షణం: పైపు జాయింట్ల దగ్గర ఆయిల్ చెమ్మ

పైపు లోపల పల్చటి పొర, జాయింటు దగ్గర దుమ్ము అంటుకున్న నల్ల చెమ్మ కనిపిస్తే చాలా బండ్లలో అది మామూలే. క్లిప్పు బిగించండి, పైపు చివర ఉన్న ఓ-రింగు (గుండ్రటి రబ్బరు సీలు) గట్టిపడి ఉంటే మార్చండి. ఆయిల్ పడి ఉబ్బిన రబ్బరు పైపు ఘాట్ రోడ్డెక్కుతున్నప్పుడు ఊడిందంటే పికప్ మొత్తం పోతుంది, స్కానర్‌లో పీ0299 (టర్బో ఒత్తిడి తక్కువైందని చెప్పే కోడ్) కనిపిస్తుంది.

చెమ్మ కాకుండా పైపు వంచితే ఆయిల్ ధారగా కారుతోందా? అప్పుడు ఈ వరుసలో చూడండి.

మొదట డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే కడ్డీ. మాక్స్ గీత దాటి ఆయిల్ పోయడం మనవాళ్లకు ఓ అలవాటు, "అరలీటరు ఎక్కువుంటే మంచిదే" అంటారు. మంచిది కాదు. మట్టం మరీ పెరిగితే క్రాంక్ తిరిగేటప్పుడు ఆయిల్‌ను చిలుకుతుంది, తుంపర పెరుగుతుంది. ఎక్కువైనంత తీసేస్తే సమస్య అక్కడితోనే తీరిపోయే బండ్లు బోలెడు.

తర్వాత ఎయిర్ ఫిల్టర్. కంకర రోడ్ల మీద తిరిగే బండిలో ఫిల్టర్ పూడుకుపోతే, టర్బో గాలి కోసం గట్టిగా పీలుస్తుంది. ఆ పీల్పుడుకు బ్రీదర్ నుంచీ, టర్బో సీలు పక్కనుంచీ ఆయిల్ వచ్చేస్తుంది.

మూడోది బ్యాక్ కంప్రెషన్. ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ మూత తిప్పి, తీసేయకుండా వదులుగా దాని చోటే ఉంచండి. కాస్త కదలడం మామూలే. మూత ఎగిరిపడేంతగా తన్నుతున్నా, తీస్తే రైలింజన్‌లా గుప్పుగుప్పున పొగ వస్తున్నా, బ్రీదర్ ఎక్కడో మూసుకుపోయి ఉండాలి లేదా రింగులు అరిగి ఉండాలి. బ్రీదర్ పైపు ఊడదీసి శుభ్రం చేశాక కూడా అంతే ఉంటే కంప్రెషన్ టెస్టు, వీలైతే లీక్‌డౌన్ టెస్టు (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎటు కారుతోందో చూడటం) చేయించండి. రింగులు పోయిన ఇంజన్‌కు క్యాన్ వైద్యం చేయదు, కారే ఆయిల్‌ను పోగేసి చూపిస్తుందంతే.

ఈ మూడూ బాగుంటేనే టర్బోను అనుమానించాలి. ఇక్కడ ఒక కిటుకు తెలిస్తే ఖర్చు తప్పుతుంది. టర్బో బేరింగ్‌లోకి ఆయిల్ పంపు ఒత్తిడితో వస్తుంది గానీ, తిరిగి వెళ్లేటప్పుడు కేవలం తన బరువుతో కింద సంపులోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) జారాలి. క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగితే ఆ జారుడు ఆగిపోతుంది. పైన ఆయిల్ నిలిచిపోయి, దారిలేక సీలు పక్కనుంచి కంప్రెసర్‌లోకి (టర్బోలో గాలి ఊదే భాగంలోకి) వస్తుంది. టర్బో విప్పి చూస్తే నిజంగానే ఆయిల్ మయం. కొత్తది పెట్టినా నెలలోపే మళ్లీ అదే కథ, ఎందుకంటే మూసుకుపోయింది బ్రీదర్. కాబట్టి టర్బో మార్చమన్న మెకానిక్‌ను ముందు రెండు అడగండి: బ్రీదర్ చూశారా? రిటర్న్ పైపు విప్పి చూశారా? ఆ తర్వాత షాఫ్టు పట్టుకుని ఊపి చూడమనండి. పక్కలకు కొంచెం ఆట ఉండటం సహజం. ముందుకీ వెనక్కీ ఆడుతున్నా, రెక్కలు గోడకు రాసుకున్న గుర్తులున్నా టర్బో పోయినట్టే.

లక్షణం: నీలం పొగ

పొగ ఎప్పుడు వస్తోందో చూస్తే సగం తేలిపోతుంది. గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలి దిగువకు దిగుతూ, మళ్లీ తొక్కగానే గుప్పుమంటే ఎక్కువసార్లు వాల్వు సీళ్లే (సిలిండర్ వాల్వుల కాడల చుట్టూ ఆయిల్‌ను ఆపే రబ్బర్లు). సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగి కదిలేటప్పుడు వస్తే టర్బో సీలు, పీసీవీ, వాల్వు సీళ్లు మూడింటినీ అనుమానించాలి. లోడు మీద విడవకుండా వస్తుంటే రింగులు, టర్బో చూడాలి. వాల్వు సీళ్లకూ క్యాచ్ క్యాన్‌కూ సంబంధమే లేదు.

లక్షణం: ఐడిల్‌లో వణుకు, సన్నగా ఈల, ఆయిల్ మూత పీకినా రాకపోవడం

ఇది పెట్రోల్ బండి జబ్బు. పీసీవీ వాల్వు లోపలి రబ్బరు పొర చిరిగితే మానిఫోల్డ్ వాక్యూమ్ అంతా క్రాంక్‌కేసు మీద పడుతుంది. మూత లాగితే గాలి పీల్చుకున్న చప్పుడుతో వస్తుంది, ఇంజన్ తీరు వెంటనే మారిపోతుంది. కొలవని గాలి లోపలికి పోతుంది కాబట్టి చెక్ ఇంజన్ లైటు వెలిగి పీ0171 (గాలికి తగినంత పెట్రోల్ లేదని చెప్పే కోడ్) రావచ్చు. స్కానర్‌లో ఫ్యూయెల్ ట్రిమ్ (ఇంజన్ కంప్యూటర్ పెట్రోల్‌ను సవరించే శాతం) ప్లస్ పది దాటి ఉంటుంది. పరిష్కారం కొత్త వాల్వే. కొన్ని ఇంజన్లలో అది ట్యాపెట్ కవర్‌తో కలిసే వస్తుంది కాబట్టి ఖర్చు కాస్త పెరుగుతుంది. ఇది మార్చకుండా క్యాన్ పెడితే, ఆయిల్‌ను ఇంకాస్త దూరం తిప్పి పీల్చినట్టవుతుంది.

మరి క్యాన్ ఎవరికి?

పైవన్నీ బాగుండి, అయినా తుంపర తగ్గించాలనుకునేవాళ్లకు. అందులోనూ డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ బండ్లకు ఎక్కువ అర్థముంది. ఫోక్స్‌వాగన్, స్కోడా కార్లలోని 1.0 టీఎస్ఐ, హ్యుందాయ్ టీ-జీడీఐ లాంటి ఇంజన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో పడుతుంది. ఇన్‌టేక్ వాల్వు వెనకభాగాన్ని కడిగేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఆయిల్ తుంపర అక్కడే మాడి కార్బన్ కడుతుంది. నెక్సాన్ 1.2 టర్బో లాంటి ఎంపీఎఫ్ఐ (వాల్వుకు ముందే పెట్రోల్ చిమ్మే) ఇంజన్లలో పెట్రోల్ వాల్వు మీదుగానే పోతుంది, ఈ బెడద తక్కువ. డీజిల్‌లో ఈజీఆర్ (ఎగ్జాస్ట్ గ్యాసును కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) మసితో ఆయిల్ కలిసి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను తారులా పూడ్చేస్తుంది కాబట్టి అక్కడా కొంత ఉపయోగమే. ఇప్పటికే కట్టిన కార్బన్ మాత్రం క్యాన్‌తో పోదు, దాన్ని విప్పి శుభ్రం చేయాల్సిందే.

ఏ పైపుకు పెట్టాలన్నది మీ బాధను బట్టి ఉంటుంది. వాల్వుల మీద కార్బన్ భయమైతే పీసీవీ వాల్వుకూ మానిఫోల్డ్‌కూ మధ్య. ఇంటర్‌కూలర్‌లో ఆయిల్ బాధైతే బ్రీదర్‌కూ టర్బో ముందు పైపుకూ మధ్య. పీసీవీ వాల్వును మాత్రం తీసేయకూడదు. అది లేకపోతే టర్బో ఒత్తిడి తిరిగి క్రాంక్‌కేసులోకి తన్నుతుంది. కొన్ని కొత్త ఇంజన్లలో పీసీవీ దారి ఇంజన్ బాడీలోనే అచ్చుపోసి ఉంటుంది, బయట పైపే కనిపించదు. అలాంటి బండికి యూనివర్సల్ కిట్ కొనకండి.

క్యాన్ కొనేటప్పుడు మూత విప్పి లోపల చూడండి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే వాటిలో చాలా భాగం లోపల బోసిగా ఉండే అల్యూమినియం డబ్బాలే. గ్యాసు ఒక నాజిల్లో వచ్చి పక్క నాజిల్లోంచి పోతుంది, ఆయిల్ దిగే అవకాశమే ఉండదు. లోపల అడ్డుపలక, దట్టమైన మెష్ ఉండాలి. ఖాళీ డబ్బాలో గిన్నెలు తోమే స్టీల్ పీచు కుక్కమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. వద్దు. ఆ పీచు నుంచి తెగిన పోగు ఒకటి చాలు, నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే కంప్రెసర్ రెక్కను చెడగొట్టడానికి.

అన్నిటికన్నా ముఖ్యం నాజిల్ సైజు. కంపెనీ పైపు లోపలి వ్యాసం స్కేలు పెట్టి కొలవండి. 19 మిల్లీమీటర్ల బ్రీదర్‌ను 9 మిల్లీమీటర్ల నాజిల్‌కు కుదిస్తే దారి నాలుగో వంతుకు పడిపోతుంది. పైన చెప్పిన టర్బో కథ మొదలయ్యేది అక్కడే.

హోసు ఆయిల్ తట్టుకునే నైట్రైల్ రబ్బరుది, లోపల దారపు అల్లిక ఉన్నది తీసుకోండి. మామూలు సిలికాన్ హోసు చూడ్డానికి బాగుంటుంది గానీ కొన్నాళ్లకు ఒంటినిండా ఆయిల్ చెమర్చుతుంది. తెల్లటి నీళ్ల పైపు వేడికి మెత్తబడి వాక్యూమ్‌కు అతుక్కుపోతుంది.

బిగించడం

క్యాన్ చల్లగా ఉండే చోట ఉండాలి, చల్లబడితేనే ఆవిరి బొట్లుగా మారుతుంది. టర్బో, ఎగ్జాస్ట్ దగ్గర పెడితే పట్టేది తక్కువ, నిప్పు భయం ఎక్కువ. బ్రాకెట్ బాడీకి బిగించండి, ఇంజన్ ఊగుతుంది కాబట్టి హోసుకు కాస్త వదులు ఇవ్వండి. మధ్యలో హోసు కిందికి వేలాడి గుంట పడకూడదు. ఆ గుంటలో ఆయిల్, నీళ్లు చేరి దారి మూసేస్తాయి. ఇన్, అవుట్ తారుమారైతే చాలా క్యాన్లు సరిగా పనిచేయవు. తీసిన కంపెనీ పైపు పారేయకుండా దాచుకోండి. వారంటీ ఉన్న బండైతే షోరూమ్‌లో ముందే అడగడం మేలు.

బిగించాక ఆయిల్ మూత పరీక్ష మళ్లీ చేయండి. ముందుకన్నా ఎక్కువ తన్నుతుంటే ఆ క్యాన్‌తో బండి నడపకండి.

బిగించాక వచ్చే తేడాలు

క్యాన్‌లో చుక్క కూడా పడలేదు: క్యాన్ బోసిదా, వేడి చోట ఉందా, హోసులు తారుమారయ్యాయా చూడండి. అన్నీ సరిగ్గా ఉంటే మీ ఇంజన్‌లో గ్యాసు నుంచి ఆయిల్‌ను వేరుచేసే సెపరేటరే బాగా పనిచేస్తోందని అర్థం, సంతోషించండి.

త్వరగా నిండిపోతోంది: ఆయిల్ మట్టం, తర్వాత రింగులు. సగం దాటనివ్వకండి. నిండిన క్యాన్‌లోంచి ఆయిల్ ఒక్కసారిగా ఇంజన్‌లోకి పోతే డీజిల్ బండి ఆ ఆయిల్ మీదే పరుగెత్తుతుంది, తాళం తిప్పినా ఆగదు. అలాంటప్పుడు మాన్యువల్ బండైతే బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరేసి, క్లచ్ వదిలి ఆపేయాలి. మొదట వెయ్యి కిలోమీటర్లకోసారి చూసి, ఎంత పడుతోందో తెలిశాక వ్యవధి పెంచుకోవచ్చు. తీసిన ఆయిల్ మోరీలో పోయకండి, షెడ్డులోని పాత ఆయిల్ డ్రమ్ములో వేయండి.

కాఫీలో మీగడలాంటి పదార్థం: చలికాలంలో, దగ్గర దూరాలకే తిరిగే బండిలో నీటి ఆవిరి ఆయిల్‌తో కలిసి అలా అవుతుంది. పెట్రోల్ వాసన కూడా ఉండొచ్చు. హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ ఆయిల్‌లో కలిసిందేమో అని కంగారు పడేముందు కూలెంట్ మట్టం చూడండి. మట్టం తగ్గకుండా, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలుగా ఉంటే భయం లేదు. క్యాన్ ఖాళీ చేసి ఒకసారి హైవే మీద తిప్పుకు రండి.

చెక్ ఇంజన్ లైటు: క్యాన్ మూతకున్న ఓ-రింగు, క్లిప్పులు, డ్రెయిన్ ట్యాపు చూడండి. ఎక్కడో గాలి పీలుస్తోంది. ఐడిల్‌లో సబ్బు నీళ్లు చల్లి వినండి, పీల్చే చోట చప్పుడు మారుతుంది.

ట్యాపెట్ కవర్ చుట్టూ కొత్తగా ఆయిల్ లీకు, డిప్‌స్టిక్ పైకి లేవడం: ఒత్తిడి పెరిగిందని అర్థం. హోసు మడతపడిందా, మెష్ పూడిందా చూసి, అప్పటికీ తేలకపోతే కంపెనీ పైపు తిరిగి పెట్టేయండి.

ఏసీ వేస్తే క్యాబిన్‌లో ఆయిల్ వాసన: క్యాన్ మీద చిన్న ఫిల్టర్ పెట్టి గ్యాసును గాలిలోకి వదిలే రకం బిగించి ఉంటారు. రేసు ట్రాకు మీద దాని సంగతి వేరు. రోడ్డు మీద తిరిగే బీఎస్6 బండికి అది ఉద్గార నియమాలకు విరుద్ధం, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండిలో మార్పుల విషయంలోనూ చిక్కే. గాలి కొలిచే సెన్సర్ ఉన్న పెట్రోల్ బండిలో లెక్క కూడా తప్పుతుంది. ఆ ఫిల్టర్ తీసేసి, అవుట్ హోసును టర్బో ముందు పైపుకు తిరిగి కలపండి. ఇక్కడ కూడా హోసు సైజు కంపెనీ పైపుకు తగ్గకూడదు.