రవ్వ చేప పళ్లు ఎక్కడున్నాయి? తల ఎముకలు విడదీసి చూడడం ఎలా

సిరొంచ సంతలో రవ్వ చేప నోట్లో వేలు పెట్టి చూడండి. ఒక్క పన్నూ తగలదు. పళ్లున్నది గొంతులో. చేప కోసేవాళ్లు మొప్పలతో పాటు వాటినీ పీకి పారేస్తారు. అందుకే కత్తి పడకముందే "అక్కా, తల నరకకు, మొప్పలు తియ్యకు, అట్లనే ఇయ్యి" అని చెప్పాలి. చేప కిలోన్నరకు తగ్గకుంటే మంచిది.

ఇంట్లో వంటకు వాడని పాత గిన్నె తీసుకోండి. తల మునిగేలా నీళ్లు పోసి సన్నమంట మీద పెట్టండి. మసలనివ్వొద్దు. మన తలలో 22 ఎముకలే, చేప తలలో వందకు పైనే, అవీ చాలావరకు వదులుగా కూర్చినవి. మసిలితే అన్నీ ఊడి కుప్పవుతాయి, ఏది ఎక్కడిదో తెలియక తల పట్టుకోవాలి. కండ మెత్తబడగానే దించి చల్లార్చండి.

ముందు మొప్పమూత తీయండి. ఒక్కో పక్క నాలుగు ఎముకలుంటాయి. ఏది ఊడదీసినా ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఇక అసలు సంగతి. మొప్పల వెనక, గొంతు మొదట్లో కొడవలిలా వంగిన ఎముకలు రెండు ఉంటాయి. అయిదో మొప్ప విల్లే (మొప్పలను మోసే వంపు ఎముకే) ఇలా మారింది. లాగొద్దు, చుట్టూ ఉన్న కండను టూత్‌పిక్‌తో మెల్లగా తొలగించండి. ఒక్కోదాని మీద మూడు వరసల్లో పళ్లు కనబడతాయి. వరసలో ఒకటో రెండో లేకపోతే కంగారొద్దు, పాతవి రాలి కొత్తవి వస్తుంటాయి. పుర్రె అడుగున గోరులాంటి గట్టి పలక ఉంటుంది. ఆకూ నాచూ దానికేసి నలిగి లోపలికి పోతాయి.

ఎముకలను పాత బ్రష్‌తో తోమి, గిన్నెల సబ్బు నీళ్లలో రెండు మూడు రోజులు నానబెట్టండి, నీళ్లు మారుస్తూ. బ్లీచింగ్ మాత్రం వద్దు, ఎముక పొడిపొడి అవుతుంది. తెల్లబడాలంటే మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను 3 శాతానికి పలచన చేసి కొన్ని గంటలు ఉంచితే చాలు. నీడలో, పిల్లికి అందనిచోట ఆరబెట్టండి.

పక్కన వాలుగ తల కూడా పెట్టుకుంటే తేడా బాగా తెలుస్తుంది. దవడల మీదా అంగిలి మీదా వెనక్కి వంగిన సన్నపళ్లు పట్టీలుగా ఉంటాయి. దొరికిన చేప జారిపోకుండా పట్టుకోవడమే వాటి పని.

సరీసృపాల్లో పన్ను ఎముకకు ఎలా అతికిందో చూడాలి. మొసలికి మనలాగే గుంతల్లో, తొండకు దవడ అంచు మీద, బల్లికి లోపలి గోడకు. తాబేలుకు పళ్లే లేవు. ఇవి ఫొటోల్లో చూడండి చాలు. మొసలి, ఉడుము లాంటివి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకు వస్తాయి, చచ్చిపడి ఉన్నదాని పుర్రె ఇంటికి తెచ్చుకున్నా కేసే.