యాభై ఐదు దాటాక ఎక్కువ గంటల పని: ఒప్పుకోవాలా వద్దా, ఎలా తేల్చుకోవాలి?

వరంగల్ చౌరస్తా బట్టల దుకాణాల్లో, హన్మకొండ ప్రైవేటు బడుల్లో, ఎనుమాముల మార్కెట్ అడ్తి దుకాణాల్లో యాభై ఐదు, అరవై దాటినవాళ్లు చాలామంది పనిచేస్తున్నారు. పని తెలిసినవాళ్లు, నమ్మకస్తులు, ఊరికే సెలవు పెట్టనివాళ్లు. అందుకే మనిషి తక్కువపడగానే యజమాని కన్ను ముందు వీళ్ల మీదే పడుతుంది. "ఇంకో రెండు గంటలు ఉండరాదె", "ఆదివారం గూడ రాండ్రి సార్, చూసుకుందం" అంటారు. రిటైరైన ఆర్టీసీ డ్రైవర్‌ను స్కూలు బస్సువాళ్లు అడుగుతారు. సింగరేణిలో 61 ఏళ్లకు దిగిపోయినవాళ్లకు కాంట్రాక్టర్ల దగ్గర్నుంచి ఫోన్లు వస్తాయి.

ఈ వయసులో గంటలు పెంచుకోవడానికి నేను రెండు షరతులు పెడతాను. అన్నీ పోగా చేతికి ఎంత మిగులుతుందో ముందే తెలియాలి. ఎప్పటిదాకా చేయాలన్నది ముందే తేలాలి. ఈ రెంటిలో ఏది తేలకపోయినా ఒప్పుకోవద్దు. వాటిని ఎలా తేల్చుకోవాలో కింద వరసగా చెబుతాను.

అడిగిన రోజే జవాబు ఇవ్వకండి

ఎన్నో ఏళ్లుగా ఉప్పు తిన్న చోట కాదనడానికి నోరు రాదు. అందుకని కాదనకండి, గడువు అడగండి. "సేటూ, ఇంట్ల మాట్లాడి సోమవారం చెప్త" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. అప్పుడే నాలుగు సంగతులు కూడా అడిగి తెలుసుకోండి. ఎన్ని గంటలు? ఎంత ఇస్తారు? అది ఓటీ (ఓవర్‌టైం) కింద ఇస్తారా, నెల జీతంలో కలుపుతారా? ఎప్పటిదాకా? "చూసుకుందం లే" అన్నది జవాబు కాదు. ఇంకోసారి నవ్వుతూనే అడగండి.

ఆ డబ్బు దేనికో ముందు తేల్చుకోండి

బిడ్డ పెళ్లికి తెచ్చిన అప్పు, ఎత్తుకున్న చిట్టీకి ఇంకా కట్టాల్సిన నెలలు, ఇంటి లోను చివరి కిస్తీలు, ఇవన్నీ ఒక తేదీకి తీరిపోతాయి. వాటి కోసమైతే ఎక్కువ గంటలు చేయడంలో అర్థముంది. అప్పు తీరిన నెలతో ఆ గంటలూ ఆగిపోవాలి. ఆ నెల ఏదో ఇంట్లో క్యాలెండర్ మీద రాసి పెట్టండి.

కొడుకు సంసారం ప్రతి నెలా లోటు పడుతోందనో, కొత్త బైకు కిస్తీలు కట్టాలనో అయితే మాత్రం ఆగి ఆలోచించండి. ఆ ఖర్చుకు అంతు ఉండదు. మీరు రెండు గంటలు పెంచితే ఖర్చు కూడా ఆ మేరకు పెరుగుతుంది. అలాంటప్పుడు ముందు కూర్చుని మాట్లాడాల్సింది యజమానితో కాదు, కొడుకు కోడలితో. చెప్పడానికి కష్టంగా ఉండే మాటే. కానీ అరవై ఏళ్ల మోకాళ్లతో ఆ లోటు పూడ్చడం అంతకన్నా కష్టం.

ఇంకొందరికి డబ్బు అసలు కారణం కాదు. ఇంట్లో ఒంటరిగా ఉండలేక, నలుగురిలో ఉండాలని వెళతారు. అదీ మంచి కారణమే. కాకపోతే అందుకోసం రోజూ పది గంటలు నిలబడనక్కర్లేదు, ఉన్న గంటలు చాలు.

గంటకు ఎంత మిగులుతుందో కాగితం మీద వేయండి

ఈ లెక్క తప్పకుండా చేయాలి. నోటి లెక్క పనికిరాదు, కాగితం, పెన్ను తీసుకోండి.

కాజీపేట నుంచి చౌరస్తాకు వచ్చి బట్టల దుకాణంలో పనిచేసే ఒకామెను అనుకుందాం. జీతం 14,000. రోజుకు 8 గంటలు, నెలకు 26 రోజులు, అంటే 208 గంటలు. గంటకు 67 రూపాయలు పడుతోంది. యజమాని రోజుకు ఇంకో రెండు గంటలు ఉండమని, నెలకు 3,000 ఇస్తానని అన్నాడు. వినడానికి బాగానే ఉంది. రోజుకు రెండు చొప్పున 26 రోజులకు 52 గంటలు. 3,000ను 52తో భాగిస్తే గంటకు 58 రూపాయలు కూడా రావడం లేదు. అలసిపోయి, చివర్లో చేసే పనికి మామూలు గంట కన్నా తక్కువ ఇస్తున్నారన్నమాట.

ఇప్పుడు ఖర్చులు తీసేయండి. మహిళలకు 2023 డిసెంబర్ నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. పగలు వచ్చేటప్పుడు ఆమెకు పైసా ఖర్చు కాదు. రాత్రి దుకాణం మూసేసరికి బస్సు దొరక్క షేర్ ఆటో ఎక్కాలి. రోజుకు 40 అనుకుంటే నెలకు 1,040. సాయంత్రం ఆకలికి ఛాయ్, మిర్చి బజ్జీ 20 రూపాయలు, నెలకు 520. రెండూ పోగా 3,000లో మిగిలేది 1,440. గంటకు 28 రూపాయలు కూడా లేదు. వండే ఓపిక లేక వారానికి రెండుసార్లు బయట నుంచి కర్రీలు తెప్పిస్తే అదీ పోతుంది.

అసలు ఎంత రావాలో కూడా చూడండి. దుకాణమైనా, ఫ్యాక్టరీ అయినా మామూలు పనికి వారానికి 48 గంటలే పరిమితి. అది దాటి చేయించుకున్న పనికి మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలని చట్టం. ఆమె వారానికి ఆరు రోజులు పది గంటల చొప్పున చేస్తే 60 గంటలు, అంటే 12 గంటలు ఎక్కువ. నెల మొత్తం మీద అయ్యే ఆ 52 గంటలకు రెట్టింపు లెక్కన 7,000 రావాలి. చిన్న దుకాణంలో మొత్తం ఇవ్వకపోవచ్చు. కానీ 7,000 అన్న సంగతి తెలిసి బేరానికి కూర్చోవడం వేరు, 3,000కే సంతోషపడి రావడం వేరు. కనీసం రాత్రి ఆటో ఖర్చు యజమానే పెట్టుకునేలా అడగండి. చాలామంది ఒప్పుకుంటారు.

ఓటీనా, జీతంలో కలుపుతారా?

జీతంలోంచి పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కోసే చోట పనిచేసేవాళ్లు దీన్ని జాగ్రత్తగా చదవాలి.

ఓటీ డబ్బు మీద పీఎఫ్ పడదు. దిగిపోయేటప్పుడు సర్వీసును బట్టి యజమాని ఇచ్చే గ్రాట్యుటీ లెక్కలోకీ రాదు. గ్రాట్యుటీని చివరగా తీసుకున్న బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం) మీద లెక్కిస్తారు. ఏడాదికి 15 రోజుల జీతం, నెలను 26 రోజులుగా పట్టుకుంటారు. ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషికి బేసిక్ 2,000 పెరిగితే దిగిపోయేటప్పుడు గ్రాట్యుటీ సుమారు 23,000 ఎక్కువ వస్తుంది. కాబట్టి ఏళ్ల తరబడి చేయబోయే గంటలైతే జీతంలోనే, బేసిక్‌లోనే కలపమనండి. ఈ లెక్క తిరగబడి కూడా వస్తుంది. చివరి నెలల్లో గంటలు తగ్గించుకుని జీతం తగ్గితే, ముందు చేసిన సర్వీసు మొత్తానికీ ఆ తగ్గిన జీతం మీదే గ్రాట్యుటీ కడతారు. గంటలు తగ్గించుకునే ముందే ఆ సంగతి తేల్చుకోండి.

ఈఎస్ఐకి మాత్రం జీతంలో కలపడం ఇబ్బంది తెచ్చిపెట్టవచ్చు. నెల జీతం 21,000 దాటితే ఏప్రిల్–సెప్టెంబర్, అక్టోబర్–మార్చి విడతల్లో నడుస్తున్న విడత పూర్తయ్యాక కవరేజీ పోతుంది. ఓటీ డబ్బును ఈ 21,000లో లెక్కపెట్టరు. జీతం 20,000 ఉండి ఇంట్లో ఇద్దరూ ఈఎస్ఐ మందుల మీదే ఆధారపడ్డవాళ్లయితే, 1,500 పెంపు కన్నా ఓటీయే మేలు. కనీసం ఐదేళ్లు ఈఎస్ఐలో ఉండి వయసు రీత్యా రిటైరైతే, ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరూ వైద్యం కొనసాగించుకోవచ్చు. దిగిపోయే ముందు కవరేజీ పోగొట్టుకుంటే ఈ సౌకర్యం కూడా చిక్కుల్లో పడొచ్చు. ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉంది కదా అనుకోవచ్చు. అది ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. నెలనెలా వాడే బీపీ గోళీలకు పనికిరాదు.

పీఎఫ్‌తో పాటు ఉండే ఈపీఎస్ పింఛన్ సంగతి సులువు. పదేళ్ల సర్వీసుంటే 58కి వస్తుంది, పని చేస్తున్నా ఆగదు. 58 తర్వాత యజమాని వాటా మొత్తం మీ పీఎఫ్ ఖాతాలోనే పడుతుంది. జీతంతో ఇల్లు గడుస్తుంటే పింఛన్‌ను 60 దాకా వాయిదా వేసుకోవచ్చు, ఏడాదికి 4 శాతం పెరుగుతుంది. ఆదాయపు పన్ను గురించి ఎక్కువమంది టెన్షన్ పడనక్కర్లేదు. 2025–26 నుంచి కొత్త విధానంలో పింఛన్, జీతం, వడ్డీ కలిపినా 12 లక్షల దాకా పన్ను కట్టే పని లేదు.

ఒంటిని అడగండి, డాక్టర్‌ను కూడా

"నేను ఎక్కువ పని చేయొచ్చా?" అని అడిగితే ఏ డాక్టరైనా "చూసుకుని చేయండి" అనే అంటాడు. ప్రశ్న విడమరిచి అడగాలి. "రోజుకు పది గంటలు నిలబడాలి, రాత్రి భోజనం పదింటికి అవుతుంది. షుగర్ గోళీ ఎప్పుడు వేసుకోవాలి?" అని అడగండి. కొన్ని షుగర్ మందులు వేసుకుని తిండి ఆలస్యం చేస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. నీరు పోయేలా చేసే బీపీ గోళీలు వాడేవాళ్లు ఎండలో పనిచేస్తే ఒంట్లో నీరు త్వరగా తగ్గుతుంది. పైగా వయసు పెరిగేకొద్దీ దాహం సరిగా తెలియదు. రామగుండం, మంచిర్యాల వైపు మే నెల ఎండల్లో సెక్యూరిటీ డ్యూటీ అంటే ఇది చిన్న సంగతి కాదు. ఎనుమాములలో మిర్చి సీజన్ పనైతే దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లు ఒప్పుకోకపోవడమే మంచిది. ఆ ఘాటు ఆఫీసు గదిలో కూర్చున్నవాళ్లనూ వదలదు.

రాత్రి బండి నడిపే పనైతే ముందు కంటి పరీక్ష చేయించుకోండి. శుక్లం ముదురుతుంటే ఎదుటి లైట్లు చెదిరినట్టు కనిపిస్తాయి. స్కూలు బస్సులో పిల్లలుంటారు. ఇక్కడ మొహమాటానికి చోటు లేదు.

ఇంటి పని గంటలను కూడా కలపండి

ఆడవాళ్ల విషయంలో ఈ లెక్క ఎవరూ వేయరు. పొద్దున ఐదింటికి లేచి, నీళ్లు పట్టి, వంట చేసి, మనవడిని బడికి పంపి డ్యూటీకి వెళ్లే ఆమెకు రోజు అప్పటికే నాలుగు గంటలు నడిచి ఉంటుంది. సాయంత్రం రెండు గంటలు పెరిగితే అవి నిద్రలోంచే పోతాయి. అందుకే ఒప్పుకునే ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి పనులు పంచండి. రాత్రి అన్నం ఎవరు వండుతారు, మనవడిని ఎవరు తీసుకొస్తారు, మామకు మందులు ఎవరిస్తారు? పేర్లతో తేలాలి. "నేను చూసుకుంట తియ్యి" అన్న మాట వారం రోజులు నడుస్తుంది. ఆ వారం చూశాకే యజమానికి జవాబు చెప్పడం మంచిది.

ఏడాది పొడుగునా కాకుండా సీజన్‌కు చేయండి

మన దగ్గర చాలా పనులు సీజన్ మీదే నడుస్తాయి. బట్టల దుకాణాలకు దసరా, పెళ్లిళ్ల నెలలు. మార్కెట్‌కు పత్తి, మిర్చి. ట్యూషన్లకు పరీక్షల ముందు నెలలు. "దసరా దాక రోజు రెండు గంటలు ఉంట, తర్వాత మామూలు టైమే" అని మాట్లాడుకుంటే యజమానికీ పనవుతుంది, మీకూ ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది. నేనైతే అరవై దాటినవాళ్లకు ఈ దారే ముందు చూడమంటాను.

నెల రోజులు చేసి చూడండి

ఒప్పుకున్నా, మొదటి నెల చూసి చెబుతానని ముందే అనండి. ఆ నెలలో ఒక చిన్న నోటు పుస్తకంలో రోజూ రాయండి: ఎన్ని గంటలు చేశారు, ఎన్నింటికి పడుకున్నారు, కాళ్లు వాచాయా, గోళీ మర్చిపోయారా, ఆటోకు ఎంతయింది. బీపీ వారానికోసారి చూపించుకుని ఆ అంకె కూడా రాసుకోండి. నెలాఖరున పుస్తకం మీ ఇంటాయనతోనో, ఇంటామెతోనో కలిసి చదవండి. మీరు బాగానే ఉన్నాననుకున్న రోజుల్లో మీరెలా ఉన్నారో వాళ్లకే బాగా తెలుస్తుంది.

గంటలు తగ్గించుకోవాలనిపిస్తే ఒక్కసారిగా మానేయకుండా పదిహేను రోజుల ముందు చెప్పండి. "సార్, పండుగ దాక చేసిన. ఇగ ఒంట్ల చాత కావట్లేదు, ఒకటో తారీఖు నుంచి పాత టైముకే వస్త" అంటే చాలు, ఎక్కువ సంజాయిషీ అక్కర్లేదు. మీరు ఎక్కువ చేసిన గంటలన్నీ ఆ పుస్తకంలో తేదీలతో ఉంటాయి. డబ్బు రాకపోతే ఆ పుస్తకం, జీతం స్లిప్పులు పట్టుకుని కార్మిక శాఖలో మీ ఏరియా చూసే అధికారి దగ్గరికి వెళ్లండి.