వాటర్‌షెడ్ల వారీగా సోలార్ మ్యాపు: మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

సోలార్ ప్యానెళ్లకు అనువైన స్థలాలను వాటర్‌షెడ్ల (వాన నీరంతా ఒకే వాగుకో నదికో చేరే ప్రాంతాల) వారీగా మ్యాపులో గుర్తించే వాళ్లకు ఈ జాగ్రత్తలు. ముందు ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదునైన మ్యాపు మీదికి తెచ్చే పద్ధతి, చూసుకోండి. 78 డిగ్రీల రేఖాంశం దగ్గర యూటీఎం జోన్ (మ్యాపుల కోసం భూమిని నిలువుగా విడదీసిన పట్టీ) మారుతుంది. అనంతపురం 43లో, కడప 44లో పడతాయి, కర్నూలు దాదాపు అంచు మీద ఉంటుంది. పని మొత్తానికి ఒకే జోన్ పెట్టుకోండి.

జిల్లా హద్దులు పక్కన పెట్టి, నీళ్లు ఏ నదికి పోతాయో దాన్ని బట్టి విడదీయండి. చిత్రావతి నీళ్లు పెన్నాకు, వేదవతి నీళ్లు తుంగభద్రకు పోతాయి.

అన్నిటికన్నా జాగ్రత్త చెరువుల దగ్గర. మే నెల ఉపగ్రహ చిత్రంలో ఎండిన చెరువు చదునుగా, చెట్టూచేమా లేకుండా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ దాన్నే మేలైన స్థలంగా చూపిస్తుంది. అక్కడ ప్యానెళ్లు పాతితే ఊరి బోర్లకు ఊటెక్కడిది? వానలయ్యాక, నవంబరులో తీసిన చిత్రంతో పోల్చి, చెరువు శిఖంతో (నీళ్లు నిలిచే భూమితో) పాటు వంకలూ వాగులూ లెక్కలోంచి తీసేయండి. రికార్డులో బీడని ఉన్నా ఖాళీ అనుకోవద్దు. అది మేత బీడేమో గొర్రెల కాపరుల్ని అడగండి.

ఎండ ఎక్కువైతే కరెంటూ అంతే ఎక్కువ అనుకోకండి. సాధారణ సిలికాన్ ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక, డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. మన వేసవికి ఆ కోత తప్పకుండా వేయాలి.

పొలాల్లో పరిశీలనకు తెల్లవారే బయల్దేరండి. నీళ్లు, బూట్లు మరవద్దు.