రోజూ కాస్త కదలిక, 4వ పాఠం: తప్పిన రోజుకు బాకీ లేదు

కిందటి పాఠంలో నేను చెప్పింది ఒక్కటే పని. కుర్చీలోంచి లేవడం, మళ్లీ కూర్చోవడం. పదిసార్లు, రోజూ పళ్లు తోముకున్నాక. అంతే. దానికే తొడలు పట్టేసి, మెట్లు దిగలేక రెయిలింగ్ పట్టుకుని నడిచామని మీలో ఇంతమంది రాశారంటే, నేను పది అని రాసిన చోట చాలామంది యాభై అని చదువుకున్నట్టున్నారు.

ఈ వారం మెట్ల పాఠం మొదలుపెట్టాలి. అది ఆగుతుంది. ముందు ఈ గొడవ తేల్చుకుందాం.

జరిగింది దాదాపు అందరిదీ ఒకే కథ. మొదటి రోజు పది ఇట్టే అయిపోయాయి. ఇంతేనా అనిపించి ఇంకో ఇరవై, అది కూడా బాగానే ఉందని ఇంకో ఇరవై. మర్నాడు కొంచెం బిగుతు. ఆ మర్నాడు పొద్దున మంచం దిగుతుంటే అసలు సంగతి తెలిసింది. తర్వాత నొప్పి తగ్గేదాకా మానేశారు. ఆదివారం గుర్తొచ్చి, పోయిన రోజులవన్నీ కలిపి ఒకేసారి చేసేశారు. మళ్లీ మొదటికొచ్చారు.

నొప్పి సంగతి క్లుప్తంగా చెప్తాను. అలవాటు లేని పని చేసిన మర్నాడు మొదలై, ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదిరి, ఆపైన దానంతట అదే తగ్గుతుంది. కండరం సాగుతూ బరువు మోసినప్పుడు ఇది ఎక్కువగా వస్తుంది. అంటే మనం లేచేటప్పటి కంటే కూర్చునేటప్పుడు. అందుకే మీకు మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టమైంది. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయిందని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వ్యాయామంలో పెరిగిన లాక్టేట్, అంటే ఆ యాసిడ్ ఒంట్లో ఉండే రూపం, గంట, గంటన్నరలో మామూలు స్థాయికి దిగిపోతుంది. రెండో రోజు నొప్పితో దానికి సంబంధం లేదు. ఇంకో మంచి సంగతి ఏమిటంటే, అదే పని ఒకటి రెండు వారాల్లో మళ్లీ చేస్తే నొప్పి చాలా తక్కువగా ఉంటుంది. కాబట్టి పూర్తిగా మానేయకండి. మెల్లగా నడవండి, ఐదుసార్లు లేచి కూర్చోండి, చాలు.

నొప్పి ఒకే చోట సూదితో పొడిచినట్టున్నా, కీలులో ఉన్నా, వాపు కనిపించినా అది వేరే సంగతి. ఆపేసి డాక్టర్‌కు చూపించుకోండి. బాగా శ్రమపడ్డాక మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీలో పట్టేసినట్టుంటే అప్పటికప్పుడు వెళ్లాలి.

ఇక కూర్చునే తీరు. ఇది రాయనక్కర్లేదనుకున్నాను, రాయాల్సి వచ్చింది. సీటు అంచుకు జరగండి. పాదాలు మోకాళ్ల కంటే కాస్త వెనక్కి పెట్టండి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగితే, పిరుదులు వాటంతట అవే లేస్తాయి. లేచేటప్పుడు ఊపిరి వదలండి, బిగబట్టకండి. దిగేటప్పుడు మూడు లెక్కపెట్టండి. సీటు ఇంకా నాలుగు వేళ్ల ఎత్తు ఉందనగా దాదాపు అందరూ ధబ్బున కూలబడతారు. ఆ నాలుగు వేళ్లలోనే అసలు పని ఉంది. అక్కడ ఆపుకోలేకపోతే సీటు మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచుకోండి, లేదా చేతులు ఆనించండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఎత్తు కుర్చీయే మంచిది.

షూస్, నీళ్లు, బట్టలు గురించి అడిగినవాళ్లు ఉన్నారు. వాటి మీద నేనేమీ రాయను. ఉన్నవి వేసుకోండి, దాహమేస్తే తాగండి.

ఇప్పుడు నన్ను నిజంగా విసిగించే విషయానికొస్తాను. తప్పిన రోజులవి కలిపి చేయడం. ఎవరు ఎవరికి బాకీ పడ్డారని? కుర్చీకా?

మొదట ఒంటి వైపు నుంచి చూడండి. కండరం, దాని చివర ఎముకను పట్టుకున్న స్నాయువు కొద్దికొద్దిగా పెరిగే పనికి అలవాటు పడతాయి. అందులో స్నాయువుది ఇంకా నిదానం. నాలుగు రోజులు ఖాళీగా ఉన్న కాళ్లకు ఒక్కసారిగా యాభై ఇవ్వడమంటే, అలవాటు తప్పిన సమయం చూసి పెద్ద మోతాదు వేయడమే.

తర్వాత, మీరు దేనికోసం చేస్తున్నారో అదైనా అలా దక్కుతుందా? పనిచేసే కండరం రక్తంలోని చక్కెరను ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే లోపలికి లాక్కుంటుంది. ఆ తర్వాత కూడా ఒకటి రెండు రోజులపాటు ఇన్సులిన్‌కు బాగా స్పందిస్తుంది. ఆపైన ఆ లాభం కరిగిపోతుంది. డయాబెటిస్ ఉన్నవాళ్లను వరసగా రెండు రోజులకు మించి ఖాళీ వదలొద్దని అనేది అందుకే. ఆదివారం మీరు చేసిన యాభై, మంగళవారం పెరిగిన చక్కెరను వెనక్కి వెళ్లి తగ్గించలేదు. రక్తపోటూ అంతే. వ్యాయామం చేశాక కొన్ని గంటలపాటు కాస్త తగ్గి ఉంటుంది, అది ఆ రోజుకే. నిద్ర, మనసు తేలికపడటం కూడా ఏ రోజువి ఆ రోజువే. ఇవన్నీ తడవతడవకూ పుట్టే లాభాలు. రోజులు గడిచేకొద్దీ వచ్చే పెద్ద లాభాలు, అంటే గుండె బలం, కండ నిలబడటం, బీపీ మొత్తం మీద దిగడం, ఈ చిన్న తడవలు ఆగకుండా సాగితేనే వస్తాయి.

ఇక అలవాటు వైపు. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందన్న మాట నమ్మకండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 2009లో బయటపెట్టిన అధ్యయనంలో, రోజూ ఒక చిన్న పని ఎంచుకుని చేసినవాళ్లకు అది ఆలోచించకుండా జరిగే స్థాయికి రావడానికి సగటున 66 రోజుల దాకా పట్టింది. కొందరికి 18, కొందరికి లెక్క ప్రకారం 254 రోజులు. ఈ పాఠానికి పనికొచ్చే సంగతి ఇంకొకటి అందులోనే ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒక రోజు పోతే ఏమీ పోలేదు. రెండో రోజు "నిన్నటివి కూడా చేయాలి కదా" అనుకుంటేనే పని ఇరవై అవుతుంది, మూడో రోజుకు ముప్పై. నలభై చేయాల్సి ఉందని తెలిశాక ఆ కుర్చీ వైపు చూడబుద్ధి కాదు. మానేసినవాళ్లలో చాలామంది బద్ధకం వల్ల మానలేదు, ఈ కూడిక వల్ల మానేశారు.

ఇక్కడ ఒకరు మంచి ప్రశ్నే వేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి లెక్క కదా, మరి ఎప్పుడు చేస్తే ఏమిటి? నిజమే. 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కావాలి. ఒక్కో విడత కనీసం పది నిమిషాలుండాలన్న పాత షరతును కూడా అప్పుడే తీసేశారు. వారాంతంలో ఒకటి రెండు రోజుల్లోనే అంతా చేసేవాళ్లకు కూడా, ఏమీ చేయనివాళ్లతో పోలిస్తే మరణాల ముప్పు తక్కువని 2017లో వచ్చిన పెద్ద అధ్యయనం చూపింది. కానీ వాళ్లు వారం వారం అదే పద్ధతిలో చేస్తున్నవాళ్లు, వాళ్ల ఒంటికి అది మామూలు మోతాదు. మీరు మొదలుపెట్టి మూడు వారాలు కాలేదు. నడకైతే శనివారం కాస్త ఎక్కువ నడిచినా అభ్యంతరం లేదు. కుర్చీ పని మాత్రం పోగేయకండి. తగ్గినవి ఏవైనా సరే, పై వారానికి మోయకండి.

1953లో జెర్రీ మోరిస్ అనే డాక్టర్, ఆయన సహచరులు లండన్ బస్సుల ఉద్యోగుల మీద చేసిన పరిశోధన ఇక్కడ చెప్పుకోవాలి. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, డబుల్ డెక్కర్‌లో పైకీ కిందికీ తిరిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువగా వచ్చింది. ఆ మెట్లను కండక్టర్లెవరూ వ్యాయామం అనుకుని ఎక్కి ఉండరు. టికెట్లు కొట్టాలి కాబట్టి ఎక్కారు. సెలవు రోజున మిగిలిపోయిన మెట్లను మర్నాడు కలిపి ఎక్కాలని ఏ కండక్టరూ అనుకుని ఉండడు.

అందుకే నేను గడియారం టైమ్ పెట్టనివ్వను. ఆరింటికి చేస్తాను అన్నవాళ్లకు ఆరు దాటితే ఆ రోజు పోయినట్టే. ఎలాగూ తప్పని పనికి తగిలించండి. పళ్లు తోముకున్నాక కుదరకపోతే నీళ్లు మరిగేదాకా, ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టాక, ఆఫీసు నుంచి వచ్చి బ్యాగ్ కింద పెట్టాక, మీటింగ్ మొదలయ్యే ముందు. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు "పొద్దున" అని కాకుండా "నిద్ర లేచాక" అని పెట్టుకోండి. చంటిపిల్లలున్నవాళ్లకు నా దగ్గర మంచి సలహా ఏమీ లేదు, పిల్ల పడుకున్నప్పుడు మీరూ పడుకోండి, ఎత్తుకుని తిరిగింది లెక్కలోకి వస్తుంది. నాకైతే ఫోన్ కాల్స్. కూర్చుని మాట్లాడటం మానేశాను, కాల్ ఎంతసేపో నడక అంతసేపు. స్టెప్ కౌంటర్ పెట్టుకోమని నేను ఎవరికీ చెప్పను. పదివేల అడుగుల అంకె 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది, ఏ డాక్టరూ కొలిచి చెప్పింది కాదు. ఇష్టమున్నవాళ్లు పెట్టుకోండి, అది ఎనిమిదివేలు చూపించిందని రాత్రి పదకొండుకు గదిలో చక్కర్లు కొట్టకండి. అదీ బాకీ తీర్చడమే.

నడకలో వేగం తెలియడానికి ఒక్కటే పరీక్ష: మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. పాట కూడా హాయిగా వస్తుంటే కొంచెం వేగం పెంచండి.

ఈ వారం అభ్యాసం చాలామందికి నచ్చదు. రోజుకు ఎనిమిదిసార్లే లేచి కూర్చోండి, పది కాదు. దిగేటప్పుడు మూడు లెక్క, ఆఖరి నాలుగు వేళ్ల దగ్గర ఆగాలి. నాలుగో రోజు కావాలని మానేయండి. ఖాళీ ఉన్నా, ఒళ్లు బాగున్నా, చేయాలనిపించినా చేయొద్దు. ఐదో రోజు మళ్లీ ఎనిమిదే. తొమ్మిది చేస్తే ఈ పాఠం మళ్లీ మొదటి నుంచి చదవండి. దాంతోపాటు రోజూ పది నిమిషాల నడక, పైన చెప్పిన వేగంతో. నాలుగో రోజు కూడా నడక ఉంటుంది, సెలవు కుర్చీకే. ఇన్సులిన్ వాడేవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు నడక వేగం పెంచే ముందు డాక్టర్‌ను అడగండి.

ఐదో రోజు ఎనిమిది దగ్గర ఆగినప్పుడు ఏమనిపించిందో ఒక వాక్యం రాసి పెట్టుకోండి. మెట్ల పాఠంలో అది కావాలి. అక్కడ ఒక అంతస్తు ఎక్కమంటాను, మీకు మూడు ఎక్కాలనిపిస్తుంది.