చెన్నైలో తుపాను హెచ్చరిక వచ్చిందా? ముందు ఇవి చూసుకోండి

అన్నిటికన్నా ముందు నీళ్లు. సంపు మూత గట్టిగా బిగించండి, వరదలో కలిసిన డ్రైనేజీ అందులోకి దిగితే ఇక వాడలేం. కరెంటు ఉండగానే పై ట్యాంకు నింపేయండి. తాగడానికి మూడు రోజులకు సరిపడా క్యాన్లు విడిగా పెట్టుకోండి.

ఇంటి పత్రాలు, ఆధార్ కార్డులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటకెక్కించండి.

బండి ఎత్తయిన చోట నిలపండి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానప్పుడు వేళచ్చేరి వాళ్లు కార్లను ఫ్లైఓవర్ మీద వరుసగా పెడితే మేం నవ్వాం. తర్వాత మెకానిక్ షెడ్డుకు పోయింది మా బండే.

కింది ఇల్లయితే ఇన్వర్టర్ బ్యాటరీ పైకి జరపండి. నీళ్లు గడప తాకకముందే మెయిన్ ఆపేయండి.

టార్చి, పవర్ బ్యాంకు, బీపీ మాత్రలు.

కార్పొరేషన్ నంబరు 1913. తమిళం రాని అమ్మమ్మ చేతికి అడ్రసు తమిళంలో రాసివ్వండి.