వైజాగ్ నుంచి హైదరాబాద్‌కు నా ఉప్పునీటి చేపలు

వైజాగ్‌లో ఉన్నన్నాళ్లూ సముద్రం నుంచే క్యాన్లలో నీళ్లు తెచ్చి, వడకట్టి ట్యాంకులో పోసేవాణ్ణి. హైదరాబాద్‌కు బదిలీ అనగానే మొదటి టెన్షన్ నా రెండు క్లౌన్ ఫిష్‌ల గురించే.

దారిలో నీళ్లు పాడవకూడదని ముందురోజు మేత ఆపేశాను. థర్మోకోల్ పెట్టెలో చేపలు, బ్యాటరీ ఎయిర్ పంపు, మూత బకెట్లలో పాత నీళ్లలో మునిగిన లైవ్ రాక్ (మేలు చేసే బ్యాక్టీరియా పట్టిన ట్యాంకు రాళ్లు). ఆరొందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. చేపలు క్షేమంగా చేరాయి.

తప్పంతా పాత ఇసుకతో జరిగింది. కడగకుండా అలాగే పోసేశాను. మూడో రోజు ఆడ చేప నీటి పైకి వచ్చి, మొప్పలు గబగబా ఆడిస్తూ కనిపించింది. టెస్ట్ ట్యూబులో పసుపుగా ఉండాల్సిన నీళ్లు ఆకుపచ్చకు తిరిగాయి. అమ్మోనియా! ఇసుక అడుగున ఏళ్లుగా పేరుకున్న మురికి కదిలిపోయింది.

ఆ రాత్రే ఇసుకంతా తీసేశాను. ఆర్వో నీళ్లలో సముద్రపు చేపల ట్యాంకుల కోసం అమ్మే ఉప్పు మిశ్రమం కలిపి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో సాంద్రత 1.025 వచ్చేదాకా చూసి, 26 డిగ్రీలకు తెచ్చి సగం నీళ్లు మార్చాను. వంట ఉప్పు దీనికి పనికిరాదు; సముద్రపు నీటిలో ఉండే కాల్షియం, మెగ్నీషియం అందులో సరిపడా ఉండవు. రాళ్లను మాత్రం ముట్టుకోలేదు, అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా ఉండేది వాటిలోనే. రోజు విడిచి రోజు ఇంకాస్త మార్చుకుంటూ వచ్చాను.

ఆరో రోజు ట్యూబు మళ్లీ పసుపు. ఆ సాయంత్రం ఆడ చేప నా వేలి దగ్గరికే వచ్చి మేత అందుకుంది.