సున్నా ఫీడ్‌బ్యాక్ ఉన్నవాళ్లు బిడ్ వేస్తే

ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైట్‌లో పాత కెమెరానో ఫోనో వేలానికి పెట్టినప్పుడు, ఫీడ్‌బ్యాక్ (పాత లావాదేవీలపై అవతలివాళ్లు ఇచ్చే రేటింగ్) సున్నా ఉన్నవాళ్లు బిడ్ వేశారని కంగారుపడి ఆ బిడ్‌ని రద్దు చేయకండి. మనమూ ఒకప్పుడు కొత్తవాళ్లమే కదా! పైగా 2008 నుంచి అక్కడ అమ్మేవాళ్లు కొనేవాళ్లకి నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఇవ్వలేరు. కాబట్టి కొనేవాళ్ల ఫీడ్‌బ్యాక్ నూటికి నూరు శాతం పాజిటివ్ అని కనిపించినా దాన్నిబట్టి తేలేది తక్కువే.

నేనైతే మాటతీరు చూస్తాను. వేలం ముగియకముందే "వాట్సాప్‌లో మాట్లాడదాం, చెక్కు పంపిస్తా, వేరే అడ్రస్‌కి పంపండి" అంటున్నారా? ఆ బిడ్ రద్దు చేసి బ్లాక్ చేసేయండి. డబ్బు సైట్ ద్వారా వచ్చాకే, ఆర్డర్‌లో ఉన్న అడ్రస్‌కే, ట్రాకింగ్‌తో పంపండి. గెలిచినవాళ్లు 4 రోజుల్లో కట్టకపోతే ఆర్డర్ రద్దు చేసి, తర్వాతి బిడ్డర్‌కి సెకండ్ ఛాన్స్ ఆఫర్ (వాళ్లు వేసిన ధరకే కొనుక్కోమని) ఇవ్వొచ్చు.